అపరిచితులు డ్రైవ్‌లో ఫైలు పంచితే: తెరవక ముందు, తెరిచిన తర్వాత ఏమి చేయాలి

‘నాకు ఏమాత్రం తెలియని వ్యక్తి నా గూగుల్ డ్రైవ్‌లోకి ఒక ఫైలు పంపించారు, నేను దేన్నీ నొక్కలేదు, నా ఖాతా హ్యాక్ అయినట్టేనా?’ అన్న ప్రశ్న అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. ఫైలు పేరు మనిషిని బట్టి మారుతుంది. ఆదోని పత్తి వ్యాపారికి అది ‘కొటేషన్’ అన్న పేరుతో వస్తుంది, కర్నూలులో ఉద్యోగం వెతుక్కుంటున్న పట్టభద్రులకు ‘ఆఫర్ లెటర్’ అన్న పేరుతో వస్తుంది, కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతుకు ‘పంట నష్టపరిహారం అర్హుల జాబితా’ అన్న పేరుతో వస్తుంది.

సూటిగా జవాబు చెప్పాలంటే, హ్యాక్ కాలేదు. మీ ఈమెయిల్ చిరునామా తెలిసిన ఎవరైనా మిమ్మల్ని అడగకుండానే మీతో ఒక ఫైలు పంచుకోవచ్చు. ఆ ఫైలు మీ డ్రైవ్‌లో ‘నాతో షేర్ చేసినవి’ అన్న విభాగంలో, యాప్ ఇంగ్లీషులో ఉంటే ‘షేర్డ్ విత్ మీ’ అన్న చోట కనిపిస్తుంది. అక్కడ కనిపించినంత మాత్రాన మీ ఫోనుకు గానీ కంప్యూటరుకు గానీ ఏమీ కాదు, ఎందుకంటే ఆ ఫైలు ఇంకా పంపినవారి ఖాతాలోనే ఉంది. నష్టం మొదలయ్యేది మీ చేతి మీదుగా ఏదో ఒక పని జరిగినప్పుడే: ఫైలును దించుకుని నడిపించడం, అందులోని లింకు నొక్కి పాస్‌వర్డో ఓటీపీయో ఇవ్వడం, తెలియని యాప్‌కు మీ ఖాతాలోకి అనుమతి ఇవ్వడం, లేదా ఫైలులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అవతలివారు చెప్పినట్టల్లా చేయడం. ఈ నాలుగింటికీ దూరంగా ఉన్నంతవరకు తొందరపడవలసిన అవసరం లేదు.

‘తెలియనివారి ఫైలు అసలు తెరవకండి’ అన్న సలహా చాలా చోట్ల వినబడుతుంది. అది తప్పు కాదు, కానీ చాలామందికి అది పనికిరాదు. అనంతపురంలో జేఎన్‌టీయూ చుట్టుపక్కల జిరాక్స్ షాపు నడిపేవారికి రోజంతా వచ్చేవి తెలియనివారి ఫైళ్ళే. ధర్మవరం పట్టుచీరల వ్యాపారికి కొత్త కొనుగోలుదారు డిజైన్ల ఫోల్డరు పంపుతారు, కళాశాల అధ్యాపకులకు ముఖపరిచయం లేని విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టులు పంపుతారు. కాబట్టి తెరవక తప్పనివారు కూడా ప్రమాదం లేకుండా ఎలా చూడాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మోసగాళ్ళు డ్రైవ్‌నే ఎందుకు ఎంచుకుంటున్నారో ఒక్క మాటలో తెలుసుకోండి. ఫైలు పంచినట్టు మీకు వచ్చే ఈమెయిల్ నిజంగానే గూగుల్ నుంచి వస్తుంది, లింకు కూడా నిజంగానే గూగుల్‌ది, అందువల్ల స్పామ్ వడపోత దాన్ని చాలాసార్లు ఆపదు. ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మ్యాన్ అసలువాడే, కానీ ఉత్తరం రాసింది ఎవరో ఆయనకు తెలియదు. లింకు గూగుల్‌ది అయినంత మాత్రాన ఫైలు గూగుల్‌ది కాదన్న సంగతి గుర్తుంటే చాలు, దిగువ చెప్పే దశలన్నీ సులువుగా అర్థమవుతాయి.

కావలసినవి

తాజా అప్‌డేట్లు వేసిన ఫోను లేదా కంప్యూటరు. మీ గూగుల్ ఖాతాకు జతచేసిన, ఇప్పుడు మీ దగ్గర పనిచేస్తున్న ఫోన్ నంబరు. ఫైలు పంపినట్టు చెప్పుకుంటున్న వ్యక్తి లేదా కార్యాలయం నంబరు, అది కూడా ఆ ఫైలులోంచి కాకుండా మీ దగ్గర ముందునుంచే ఉన్నది. సైబర్ నేరాల సహాయవాణి 1930. చివరి నంబరును ఇప్పుడే ఫోనులో భద్రపరచుకోండి, ఎందుకంటే అవసరం పడిన క్షణంలో వెతికితే నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు ఎదురయ్యే ప్రమాదం ఉంది.

1. ఈమెయిల్‌లోని బటన్ నొక్కకుండా డ్రైవ్‌లోకి నేరుగా వెళ్ళండి

నోటిఫికేషన్‌ను పక్కన పెట్టి, డ్రైవ్ యాప్‌ను మీరే తెరవండి, లేదా బ్రౌజరులో డ్రైవ్ డాట్ గూగుల్ డాట్ కామ్ అని మీరే టైపు చేయండి. ‘నాతో షేర్ చేసినవి’ విభాగంలో ఆ ఫైలు ఉందో లేదో చూడండి. ఉంటే, ఈమెయిల్ అసలైనదే, ఇక ఫైలు సంగతి తేల్చాలి. లేకపోతే డ్రైవ్ ఎడమవైపు మెనూలో ఉండే స్పామ్ ఫోల్డరును కూడా చూడండి, ఎందుకంటే 2023 నుంచి అనుమానాస్పదమైన వాటిని డ్రైవ్ తనంతట తానే అక్కడికి పంపుతోంది. రెండు చోట్లా లేదంటే ఆ ఈమెయిల్ గూగుల్ నోటిఫికేషన్‌ను అనుకరించిన నకిలీ కావచ్చు, దాన్ని ఇక ముట్టుకోకండి.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న పద్ధతిలో వాట్సాప్‌లో పంపిన లింకులు మీరు తెరిచేదాకా ఈ విభాగంలో కనిపించవు. వాట్సాప్‌లో వచ్చిన ఏ డ్రైవ్ లింకు నొక్కినప్పుడైనా ‘మీకు యాక్సెస్ కావాలి’ అన్న పేజీ వస్తే అనుమతి కోరే బటన్ నొక్కకండి. అది నొక్కితే మీ ఈమెయిల్ చిరునామా ఫైలు యజమానికి చేరుతుంది, అంటే మీ ఫోన్ నంబరు మాత్రమే తెలిసిన మోసగాడికి చిరునామా కూడా మీరే అందించినట్టు అవుతుంది.

2. పేరు చూడకండి, చిరునామా చూడండి

డ్రైవ్‌లో పంపినవారి పేరుగా కనిపించేది వారు స్వయంగా పెట్టుకున్న పేరు. ‘వ్యవసాయ శాఖ, అనంతపురం’ అని ఎవరైనా పెట్టుకోవచ్చు, వృత్తాకారపు చిత్రంలో రాజముద్ర కూడా పెట్టుకోవచ్చు. కంప్యూటరులో ఫైలు మీద కుడి క్లిక్ చేసి వివరాల పలకను తెరిస్తే, ఫోనులో మూడు చుక్కలు నొక్కి వివరాలు చూస్తే, యజమాని అసలు చిరునామా కనిపిస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల అధికారిక చిరునామాలు సాధారణంగా జీవోవీ డాట్ ఇన్ లేదా ఎన్ఐసీ డాట్ ఇన్‌తో ముగుస్తాయి. శాఖ పేరు పెట్టుకుని చివర జీమెయిల్ డాట్ కామ్ ఉంటే గ్రామ సచివాలయంలోనో రైతు సేవా కేంద్రంలోనో అడిగి తెలుసుకునేదాకా నమ్మకండి.

తెలిసినవారి చిరునామా నుంచే వచ్చినా ఈ దశను దాటవేయకూడదు, ఎందుకంటే వారి ఖాతా ఇతరుల చేతికి చిక్కి ఉండవచ్చు. మీరు ఎదురుచూడని ఫైలు అయితే వారికి ఫోన్ చేసి, ‘అన్నా, డ్రైవ్‌లో నాకేమైనా పంపించావా?’ అని అడగండి. ఈమెయిల్‌కు జవాబు రాసి అడగడం పనికిరాదు, ఖాతా దొంగ చేతిలో ఉంటే జవాబు ఇచ్చేది కూడా ఆ దొంగే.

డాక్యుమెంటులో మీ పేరు ప్రస్తావించి కామెంటు పెట్టడం మరో ఎత్తుగడ. అప్పుడు కూడా గూగుల్ నుంచి మీకు ఈమెయిల్ వస్తుంది, కామెంటులో రాసిన లింకు అందులోనే కనిపిస్తుంది. దానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

3. ఫైలు పేరును చివరి అక్షరం దాకా చదవండి

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఫైలు పేరు ‘పంట_నష్టపరిహారం_జాబితా.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అని ఉందనుకోండి. విండోస్ కంప్యూటరు మామూలుగా చివరి ముక్కను దాచిపెడుతుంది, కాబట్టి తెర మీద మీకు కనిపించేది ‘పంట_నష్టపరిహారం_జాబితా.పీడీఎఫ్’ వరకే. పక్కన ఎర్రటి పీడీఎఫ్ బొమ్మ కూడా ఉంటుంది, ఎందుకంటే ప్రోగ్రాము తయారుచేసినవారు దానికి ఏ బొమ్మనైనా అతికించగలరు. మీరు జాబితా అనుకుని రెండుసార్లు క్లిక్ చేస్తారు, నిజానికి ఒక ప్రోగ్రామును నడిపిస్తారు. ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ వైరస్ కూడా టీఎక్స్‌టీ అన్న ముక్క తర్వాత వీబీఎస్ అన్న ముక్కను తగిలించుకుని ప్రేమలేఖగా వచ్చింది.

అందువల్ల ముందు మీ కంప్యూటరులో ఆ దాపరికాన్ని తీసివేయండి. విండోస్ 11లో ఏదైనా ఫోల్డరు తెరిచి పైన ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ నొక్కండి. విండోస్ 10లో ‘వ్యూ’ నొక్కగానే అదే పేరుతో ఒక చిన్న గడి కనిపిస్తుంది, దానికి టిక్ పెట్టండి. పని జరిగిందో లేదో తెలుసుకోవాలంటే మీ సొంత ఫోటో ఒకదాన్ని చూడండి, పేరు చివర జేపీజీ అని కనిపిస్తే సరిపోయినట్టే.

చివరి ముక్క ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, ఎస్‌సీఆర్, బీఏటీ, జేఎస్, వీబీఎస్, ఎల్ఎన్‌కే వంటిదైతే అది జాబితా కాదు, ఉత్తరం కాదు, ఫోటో కాదు. అపరిచితుల నుంచి వస్తే ఇక తర్వాతి దశలు కూడా అవసరం లేదు, నేరుగా 7వ దశకు వెళ్ళండి. ఐఎస్ఓ ఫైలును (ఒక సీడీలోని సరుకంతా ఒకే ఫైలుగా చేసినది) కూడా అలాగే చూడండి. హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిస్తే బ్రౌజరులో లాగిన్ పేజీలా కనిపించే నకిలీ పేజీ వస్తుంది, దాన్నీ వదిలేయండి. డీఓసీఎం, ఎక్స్ఎల్ఎస్ఎం అన్నవి మాక్రోలు, అంటే ఫైలు లోపలే ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములు, ఉన్న వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ తనంతట తానే ఆపుతోంది, కాబట్టి మోసగాళ్ళు ఇప్పుడు ‘ఈ సెట్టింగు మార్చుకుంటేనే తెరుచుకుంటుంది’ అని సూచనలు రాసి పంపుతున్నారు. ఒక ఫైలును చూడటానికి కంప్యూటరు సెట్టింగులు మార్చమని అడిగారంటే, అక్కడితో ఆగిపోవడమే మంచిది.

4. దించుకోకుండా డ్రైవ్‌లోనే చూడండి

పీడీఎఫ్, ఫోటో, వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళను డ్రైవ్ తన సర్వర్ల మీదే తెరిచి మీకు చూపిస్తుంది, మాక్రోలు అక్కడ నడవవు. మీ యంత్రంలోకి ఫైలు రాకుండానే పేజీలు చదవగలుగుతారు, కాబట్టి తెలియనివారి ఫైలును చూడటానికి ఇంతకంటే మంచి మార్గం సామాన్యులకు లేదు. జిరాక్స్ షాపులవారు, నెట్ సెంటర్లవారు దీన్ని అలవాటుగా మార్చుకోవాలని నా మనవి. వినియోగదారు పంపిన ఫైలును డౌన్‌లోడ్స్ ఫోల్డరులోకి దించి తెరిచే బదులు, డ్రైవ్‌లోనో జీమెయిల్‌లోనో ప్రివ్యూ తెరిచి అక్కడినుంచే ప్రింటు తీయండి. షాపు కంప్యూటరు ఒక్కటి పాడైతే ఆ రోజు పెన్‌డ్రైవ్ తెచ్చిన ప్రతి విద్యార్థీ దాన్ని తన గదికి మోసుకుపోయే ప్రమాదం ఉంది.

ప్రివ్యూ చూస్తున్నప్పుడు లోపలి లింకులు మాత్రం నొక్కకండి. తరచుగా కనిపించే మోసపు పీడీఎఫ్ ఇలా ఉంటుంది: వెనుక మసకబారిన ఒక పట్టిక, అందులో సంఖ్యలు ఉన్నట్టు కనిపిస్తాయి కానీ చదవలేము, మధ్యలో నీలిరంగు బటన్, దాని మీద ‘పూర్తి డాక్యుమెంటు చూడండి’ అని ఉంటుంది. ఆ పట్టిక మొత్తం ఒక బొమ్మ మాత్రమే. బటన్ నొక్కితే గూగుల్ లాగిన్ పేజీని పోలిన పేజీ వస్తుంది. మీరు ఇప్పటికే డ్రైవ్‌లో లాగిన్ అయి ఉన్నారు, కాబట్టి ఒక ఫైలు చూపించడానికి మళ్ళీ పాస్‌వర్డ్ అడగడమే అనుమానించవలసిన విషయం. నిజమైన గూగుల్ లాగిన్ పేజీ చిరునామా అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్. చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే రెండు ఏటవాలు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, దానికి ముందున్న భాగాన్ని కుడినుంచి ఎడమకు చదవండి. అక్కడ ‘గూగుల్ డాట్ కామ్’ లేకుండా మరేదో పేరు ఉంటే, ఆ పేరుకు ముందు ఎన్నిసార్లు గూగుల్ అని రాసి ఉన్నా అది గూగుల్ కాదు.

గూగుల్ ఫారమ్ విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్కడ చిరునామా నిజంగానే గూగుల్‌ది. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఏటీఎం పిన్ వంటివి అడిగే ఫారమ్ ఎవరు తయారుచేసిందో మీకు తెలియదు. పాస్‌వర్డులను ఫారమ్ ద్వారా ఎప్పుడూ పంపవద్దని గూగుల్ ప్రతి ఫారమ్ అడుగునా రాసే హెచ్చరికను చాలామంది అక్కడిదాకా జరిపి చూడరు.

5. దించుకోవడం తప్పనిసరైతే, తెరవక ముందు పరీక్షించండి

డ్రైవ్ ఫైళ్ళను వైరస్ కోసం పరీక్షిస్తుంది కానీ 100 ఎంబీ కంటే పెద్దవాటిని పరీక్షించదు. అలాంటివి దించుకునేటప్పుడు వైరస్ పరీక్ష జరగలేదని ఒక హెచ్చరిక వస్తుంది, దాన్ని చదవకుండా ‘అయినా డౌన్‌లోడ్ చేయి’ అని నొక్కేయడం చాలా సాధారణంగా జరిగే పొరపాటు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు (చాలా ఫైళ్ళను ఒకే మూటగా కట్టినది) లోపల ఏముందో కూడా ఈ పరీక్షకు కనిపించదు. జిప్ ఫైలు పంపి, దాని పాస్‌వర్డును అదే ఈమెయిల్‌లోనో పక్కనే ఉన్న మరో ఫైలులోనో రాశారంటే, ఆ తాళం గోప్యత కోసం వేసింది కాదు, పరీక్షను తప్పించుకోవడానికి వేసింది.

దించిన ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేయకుండా కుడి క్లిక్ చేసి, ‘స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్’ ఎంచుకోండి (డిఫెండర్ విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్). మరో అభిప్రాయం కావాలంటే వైరస్‌టోటల్ అన్న ఉచిత సేవలో ఆ ఫైలును అప్‌లోడ్ చేయవచ్చు, అది పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షిస్తుంది. అక్కడ పెట్టిన ఫైలు భద్రతా సంస్థలకు కూడా అందుబాటులో ఉంటుంది, కాబట్టి ఆధార్, పాసు పుస్తకం, వైద్య నివేదిక వంటివి ఉండే ఫైళ్ళను అక్కడ పెట్టకండి, వాటికి డిఫెండర్ పరీక్షే చాలు.

ఈ దశలో సులువుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది: ఫైలును కాకుండా డ్రైవ్ లింకును వైరస్‌టోటల్‌లో అతికించి, ‘ప్రమాదం లేదు’ అన్న ఫలితం చూసి ధైర్యపడటం. అక్కడ పరీక్షకు వెళ్ళింది గూగుల్ చిరునామా మాత్రమే, దానికి మచ్చ ఎందుకు ఉంటుంది? లోపలి ఫైలును అది చూడనే లేదు. ఫైలునే పరీక్షించినా, ఏ యాంటీవైరస్సూ దేన్నీ పట్టుకోలేదన్న ఫలితం క్షేమానికి హామీ కాదు, నిన్న తయారైన వైరస్‌ను ఈ రోజు ఎవరూ గుర్తించకపోవచ్చు. రెండు మూడు యాంటీవైరస్‌లు పట్టుకుంటే మాత్రం ఇక వాదన అనవసరం, తొలగించండి.

6. ఫోనులో ఏపీకే కనిపిస్తే ఆగండి, యాప్ అనుమతి అడిగితే ఇంకా ఆగండి

కంప్యూటరుకు ఈఎక్స్ఈ ఎలాంటిదో ఆండ్రాయిడ్ ఫోనుకు ఏపీకే అలాంటిది, అంటే ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైలు. పీఎం కిసాన్ పేరుతో, వాహనాల చలానా పేరుతో, పెళ్ళి పత్రిక పేరుతో ఏపీకే ఫైళ్ళు మన దేశంలో విస్తారంగా తిరుగుతున్నాయి. శుభలేఖ చూడటానికి యాప్ పెట్టుకోవలసిన పని ఎవరికీ లేదు. అది ఫోనులోకి చేరిన వెంటనే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతుంది. మొదటి దానితో మీ ఓటీపీలు అవతలికి వెళ్తాయి, రెండో దానితో మీ తెరను చదివి మీ బదులు బటన్లు నొక్కగలుగుతుంది.

ఫోను సెట్టింగుల్లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతకండి. ఆ జాబితాలో డ్రైవ్, వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ వంటి వాటి పక్కన ‘అనుమతి లేదు’ అని ఉండాలి. ఇంట్లో పెద్దవారి ఫోనుల్లో ఈ ఒక్క పని మీరే చేసి పెట్టండి, వారికి ఎంత వివరించినా రాని రక్షణ దీనితో వస్తుంది. నిజంగా పీఎం కిసాన్ స్థితి చూడాలంటే ఆ పథకం అధికారిక వెబ్‌సైటులోనో గ్రామ సచివాలయంలోనో చూసుకోవచ్చు.

ఏ ఫైలూ దించకుండా, పాస్‌వర్డు కూడా అడగకుండా జరిగే మోసం మరొకటి ఉంది. లింకు నొక్కితే నిజమైన గూగుల్ పేజీయే వచ్చి, ‘ఈ యాప్ మీ ఈమెయిళ్ళను చదవడానికి, పంపడానికి అనుమతి కోరుతోంది’ అని అడుగుతుంది. 2017 మే 3న ‘గూగుల్ డాక్స్’ అని పేరు పెట్టుకున్న ఒక నకిలీ యాప్ ఈ దారిలోనే ఎందరో ఖాతాల్లోకి చేరి, వారి పరిచయస్తులందరికీ అదే ఆహ్వానం పంపింది. చిరునామా సరిగ్గా ఉంది కదా అని ‘అనుమతించు’ నొక్కకండి. ఒక ఫైలు చూడటానికి మీ ఈమెయిళ్ళన్నీ చదివే అధికారం ఎవరికీ అవసరం లేదు.

7. ముందు సాక్ష్యం, తర్వాత ఫిర్యాదు, ఆ తర్వాత తొలగింపు

ఈ వరుస తారుమారు కాకూడదు. చాలామంది భయంతో మొదట ఫైలును తీసివేస్తారు, ఆ తర్వాత బ్లాక్ చేద్దామంటే ఎవరిని చేయాలో చూపించే ఫైలు ఉండదు.

ముందు ఫైలు పేరు, యజమాని చిరునామా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ‘రిపోర్ట్’, ‘బ్లాక్’ అన్న మాటలున్న వరుసను ఎంచుకోండి (మెనూలో మాటలు అప్పుడప్పుడు మారుతుంటాయి, అర్థం మారదు). బ్లాక్ చేసే సౌకర్యం డ్రైవ్‌లో 2021 నుంచి ఉంది. దానివల్ల ఆ చిరునామా నుంచి కొత్త ఫైళ్ళు రావు, పాతవి మీ విభాగంలోంచి పోతాయి, మీ ఫైళ్ళు ఏవైనా వారితో పంచుకుని ఉంటే వారి ప్రవేశమూ రద్దవుతుంది. చివరగా ఫైలు ఇంకా కనిపిస్తుంటే ‘తీసివేయి’ నొక్కండి. పంపినవారి దగ్గర అది అలాగే ఉంటుంది, దాన్ని చెరిపే అధికారం మీకు లేదు, దాని గురించి బాధపడనవసరం లేదు.

డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ లింకులకు కూడా ఇదే వరుస పాటించండి. పంపినవారిని తిడుతూ జవాబు మాత్రం రాయకండి, ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వారికి తెలుస్తుంది.

8. ఇప్పటికే నొక్కేసి ఉంటే

మీరు ఏం చేశారన్నదాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది.

ప్రివ్యూ మాత్రమే చూసి ఉంటే చేయవలసిందేమీ లేదు, 7వ దశ పూర్తి చేస్తే సరిపోతుంది.

పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే వెంటనే మరో నమ్మకమైన పరికరంలో గూగుల్ ఖాతా పేజీకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చండి, ‘మీ పరికరాలు’ అన్న చోట తెలియనివాటి నుంచి సైన్ అవుట్ చేయండి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు మరో ధ్రువీకరణ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి, రికవరీ నంబరు మీదేనా అని చూడండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దొంగ లోపలికి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే మీ ఈమెయిళ్ళు తనకు కూడా చేరేలా ఏర్పాటు చేసుకుని ఉండవచ్చు. కంప్యూటరులో జీమెయిల్ సెట్టింగులు తెరిచి, ఫార్వర్డింగ్ విభాగంలోనూ ఫిల్టర్ల విభాగంలోనూ మీరు పెట్టనిది ఏదైనా ఉంటే చెరిపివేయండి. అదే పాస్‌వర్డును మరెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చండి.

యాప్‌కు అనుమతి ఇచ్చి ఉంటే పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది పోయిందనుకోకండి. గూగుల్ ఖాతా భద్రతా పేజీలో, ఇతర యాప్‌ల అనుసంధానాల జాబితాలోకి వెళ్ళి దాన్ని తొలగించాలి.

కంప్యూటరులో ప్రోగ్రామును నడిపించి ఉంటే ముందు ఇంటర్నెట్ తీసివేయండి. బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులూ లాగిన్లూ దొంగిలించడమే ఇలాంటి చాలా ప్రోగ్రాముల పని, కాబట్టి ఫోను నుంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ అవ్వండి. కంప్యూటరులో ‘మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ నడపండి. షాపు లెక్కలు, బ్యాంకు లావాదేవీలు ఉన్న యంత్రమైతే స్కాన్‌తో సరిపెట్టుకోకుండా విండోస్‌ను కొత్తగా వేయించడమే మేలని నా అభిప్రాయం.

ఫోనులో ఏపీకే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. ఇంట్లో మరొకరి ఫోను నుంచి మీ బ్యాంకుకు, 1930కి చెప్పండి. ఆ తర్వాత సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లో ఆ యాప్‌ను ఆపి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. బటన్ పనిచేయకపోతే ఫోనును సేఫ్ మోడ్‌లో (ఫోనుతో పాటు వచ్చిన యాప్‌లు మాత్రమే నడిచే పద్ధతిలో) తెరిచి ప్రయత్నించండి, అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్ తప్పదు. నెట్‌వర్క్ తిరిగి వచ్చాక డయల్ ప్యాడ్‌లో ##002# నొక్కితే, మీకు తెలియకుండా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

డబ్బు పోయి ఉంటే ఆలస్యం మీకే నష్టం. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీరు బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకుదే అవుతుంది. కాబట్టి తెలియజేసిన సమయానికి ఆధారం ఉండాలి: ఫిర్యాదు సంఖ్య తప్పక అడిగి రాసుకోండి, శాఖకు వెళ్తే ముద్ర వేసిన నకలు తీసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 7వ దశలో తీసిన స్క్రీన్‌షాట్లు జతచేయండి. స్టేషనుకు వెళ్ళదలిస్తే, మా పరిధి కాదని ఎవరైనా అన్నా, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇచ్చే వీలును కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ కల్పిస్తోందని మర్యాదగా గుర్తుచేయండి.

9. పని పూర్తయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

గూగుల్ ఖాతాలో ‘సెక్యూరిటీ చెకప్’ పేజీ తెరవండి. పరికరాల జాబితాలో ప్రతి పరికరాన్నీ మీరు గుర్తుపట్టగలగాలి. ‘కర్నూలులో ఉండే నాకు వేరే ఊరి పేరు చూపిస్తోంది’ అని కొందరు కంగారుపడతారు. మొబైల్ నెట్‌వర్క్ వల్ల ఊరు పేరు హైదరాబాదు అనో బెంగళూరు అనో కనిపించడం మామూలే, ఊరి కంటే పరికరం పేరును, సమయాన్ని చూడండి. ఫోనులో ప్లే స్టోర్ తెరిచి, హానికరమైన యాప్‌లను వెతికే ‘ప్లే ప్రొటెక్ట్’ స్కాన్ నడపండి, *#21# నొక్కి కాల్స్ మళ్ళింపు లేదని నిర్ధారించుకోండి. బ్యాంకు ఖాతాలో చిన్న మొత్తాలను కూడా వదలకుండా చూడండి, ఒక రూపాయితో ముందు పరీక్షించి తర్వాత పెద్ద మొత్తం లాగే పద్ధతి ఉంది.

ఇదంతా ఒక వారం తర్వాత మరొకసారి చేయండి. అదే ఫైలు వేరే చిరునామా నుంచి మళ్ళీ రావచ్చు, మోసగాళ్ళకు కొత్త ఖాతా తెరవడం పెద్ద పని కాదు. అలా వచ్చిందంటే మీ ఖాతాలోకి చొరబడ్డారని అర్థం కాదు, మీ చిరునామా వారి జాబితాలో ఉందని మాత్రమే అర్థం. మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసి, రిపోర్ట్ చేసి, బ్లాక్ చేయండి. ఈమెయిల్ చిరునామా మార్చుకోవలసిన అవసరం లేదు.